జెల్డా ఆటలు - విమర్శకులు - అభిమానులు

విమర్శ యనగానే మనవారికి కావ్యవిమర్శయు, నాటకవిమర్శయు, చలనచిత్ర విమర్శయు స్ఫురించును. తెరమీద బాలురాడుకొను వీడియో గేములకు విమర్శ యేమి, ఆ విమర్శను జూచి వేలకొలది జనులు ఆగ్రహించుట యేమి యని ఈ సంచికను చేతబట్టిన పెద్దలు ఆశ్చర్యపడవచ్చును. మేమును మొదట నట్లే ఆశ్చర్యపడితిమి. కాని విషయమును కొంత పరిశీలించిన పిదప, ఇది బాలుర విషయము మాత్రమే కాదనియు, మన సంఘము వంటి సంఘములకు దీనియందు నేర్చుకొనదగిన పాఠ మొకటి కలదనియు మాకు తోచినది. ఆ తోచినదానిని పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాసోద్దేశము.

మా దౌహిత్రుడు వేసవి సెలవులకు బరంపురము వచ్చినపుడు ఒకనాడు మిక్కిలి కోపముతో కూర్చుండి యుండెను. కారణమడుగగా, తనకు ప్రాణప్రదమైన ఆటకు ఎవరో విమర్శకులు పదింట ఏడు మార్కులే వేసినారట. "తాతయ్యా, వాళ్లకి ఆడటమే రాదు" అనెను. "వాళ్లు ఏం రాశారో చదివావా?" అని అడిగితిమి. "చదవక్కర్లేదు తాతయ్యా, ఏడు అని ఉందిగా!" అని బదులు చెప్పెను. ఈ యొక్క మాటలో మేము చెప్పబోవు విషయమంతయు ఇమిడి యున్నది.

ఆ ఆట 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' అను సాహసకథా క్రీడామాలికలోనిది. జపాను దేశమున క్యోటో నగరమునందలి నింటెండో సంస్థ దీనిని నిర్మించుచున్నది. ఈ సంస్థ 1889లో హానఫుడా యను పూలబొమ్మల పేకముక్కలను తయారుచేయుటకై వెలసినది. 1986 ఫిబ్రవరి 21వ తేదీన మొదటి జెల్డా ఆట వెలువడెను. దానికి కర్తలలో ముఖ్యులు షిగెరు మియామోటో, తకాషి తెజుకా గారలు. మియామోటో గారు క్యోటో సమీపమున పుట్టి పెరిగినవారు. చిన్ననాట కొండలలోను, అడవులలోను, గుహలలోను ఒంటరిగా తిరిగి పొందిన ఆనందమునే ఆటగా మలచితినని ఆయనయే పలుమారులు చెప్పియున్నారు. కథానాయకుని పేరు లింక్, రాకుమారి పేరు జెల్డా, ప్రతినాయకుడు గానన్, రాజ్యము హైరూల్. మాలిక పేరును బట్టి నాయకుని పేరే జెల్డా యని భ్రమపడువారు అనేకులు. మేమును కొన్నాళ్లు అట్లే భ్రమపడి మనుమని చేత నవ్వులపాలైతిమి.

నలువది యేండ్లుగా ఈ మాలిక సాగుచున్నది. ప్రతి ఆటయందును వీరుడు, రాకుమారి, దుష్టుడు, దివ్యఖడ్గము తరచుగా నుండును. చెప్పు తీరు మాత్రము మారుచుండును. ఒకే రామకథను రంగనాథ రామాయణమున ఒకరీతిగను, మొల్ల రామాయణమున మరియొక రీతిగను మనము విందుము గదా. ఎవరు ఏ రామాయణమును బాల్యమున మొదట విందురో వారికి అదియే అసలు రామాయణముగా నిలిచిపోవును. జెల్డా అభిమానుల స్థితియు నిట్టిదే. పదియేండ్ల ప్రాయమున తాము ఆడినదే వారికి ప్రమాణము. దానికి భిన్నమైనది అపచారము. అభిమానుల ఆగ్రహమునకు బీజము ఇచ్చటనే యున్నదని మా యభిప్రాయము.

1998లో ఈ మాలికయందు 'ఒకరీనా ఆఫ్ టైమ్' వెలువడెను. జపానున ఫామిట్సు అను పత్రిక యందు నలుగురు విమర్శకులు ఒక్కొక్క ఆటకు పదేసి మార్కుల లెక్కన తీర్పు చెప్పుదురు. ఆ పత్రిక చరిత్రలో నలువదికి నలువది మార్కులు తొలుత పొందినది ఈ ఆటయే. అమెరికాలోని గేమ్‌స్పాట్ అను విమర్శ సంస్థయు దీనికి పదికి పది ఇచ్చెను. 2001లో స్థాపింపబడిన మెటాక్రిటిక్ అను సంస్థ అనేక విమర్శకుల మార్కులను క్రోడీకరించి నూటికి ఇంత యని సగటు కట్టును. అందు ఒకరీనాకు 99 లభించినది. నాటినుండి జెల్డా యనిన నూటికి నూరు రావలసినదే యను నమ్మకము అభిమానులలో నాటుకొనెను. ఇంటిలో మొదటి బిడ్డకు క్లాసులో ప్రథమస్థానము వచ్చిన పిదప తరువాతి బిడ్డలకు కలుగు కష్టము తల్లిదండ్రులందరికి తెలిసినదే.

తరువాత జరిగినవానిలో నాలుగు ఘట్టములను మాత్రము ఇచట వివరింతుము.

మొదటిది 'విండ్ వేకర్' కథ. ఒకరీనా వలెనే గంభీరమైన రూపముతో క్రొత్త ఆట వచ్చునని అభిమానులు ఎదురుచూచుచుండగా, 2001లో నింటెండో వారు చూపినది పిల్లల కార్టూనును బోలిన చిత్రణము. పెద్ద కన్నుల బుల్లి వీరుని జూచి అభిమానులు మండిపడిరి, వెక్కిరించు పేర్లు పెట్టిరి. ఆట 2002 చివర జపానునందును, 2003లో అమెరికాయందును వెలువడగా, విమర్శకులు దానిని ఎంతయో మెచ్చిరి. మెటాక్రిటిక్ సగటు 96. అనగా ఇచట కోపము విమర్శకులపై కాదు, ఆటపైననే. ఆటను చేతబట్టకమునుపే తీర్పు వెలువడినది. కాలక్రమమున ఆ చిత్రణమే పాతబడక నిలిచినదని అభిమానులే కొనియాడ మొదలిడిరి. అంతకంటె గమనింపదగినది మరియొకటి కలదు. ఆట చివరిభాగమున సముద్రమంతయు తిరిగి తునుకలు వెదకుట విసుగు పుట్టించుచున్నదని నాడు కొందరు విమర్శకులు వ్రాసిరి. 2013లో పునర్ముద్రణ వంటి క్రొత్త రూపమును తెచ్చినపుడు నిర్మాతలు ఆ వెదకులాటను కుదించి, పడవ వేగముగా సాగుటకు క్రొత్త తెరచాపను చేర్చిరి. మెచ్చినవారు వ్రాసిన ఆ యొక్క ఆక్షేపణయే ఆటకు మేలు చేసినది.

రెండవది 'ట్వైలైట్ ప్రిన్సెస్' కథ. 2006 నవంబరులో వీ అను క్రొత్త యంత్రముతో పాటు ఈ ఆట వెలువడెను. చేతిలోని మీటను ఊపినచో తెరమీది వీరుడు కత్తి విసరును. లింక్ స్వతహాగా ఎడమచేతి వాటము గలవాడు. ఆడువారిలో అత్యధికులు కుడిచేతి వాటమువారు గనుక నిర్మాతలు వీ యంత్రపు ఆటలో ప్రపంచమునంతటిని అద్దములో వలె త్రిప్పివేసి వీరునకు కుడిచేతి వాటము కల్పించిరి. గేమ్‌స్పాట్‌కు జెఫ్ గెర్స్ట్‌మన్ గారు దీనిని విమర్శించి పదికి 8.8 ఇచ్చిరి. ఆ సంస్థ లెక్క ప్రకారము అది 'గొప్ప ఆట' యను కోవలోనిదే. చిత్రణమును శబ్దభాగమును కాలమునకు కొంత వెనుకబడినవనియు, చేతి విసురుల వలన ఆటకు అంతగా ఒనగూడినది లేదనియు ఆయన వ్రాసిరి. అంతమాత్రమునకే అభిమానులు విరుచుకుపడిరి. '8.8' అను అంకెయే ఏండ్ల తరబడి ఒక హాస్యోక్తిగా మిగిలిపోయినది.

ఎనుబది యెనిమిది శాతము వచ్చిన కుర్రవానిని మన యింట నెవరైన తిట్టుదురా? మాకు మొదట ఇది వెర్రి యనియే తోచినది. తరువాత మా కొలువు జ్ఞప్తికి వచ్చినది. కార్యాలయములలో వార్షిక రహస్య నివేదిక యను నొకటి యుండెడిది. అందు గుమాస్తా పనిని గూర్చి 'బాగున్నది' అని పై అధికారి వ్రాసినచో లోకము దానిని మెప్పనుకొనును. కాని ప్రమోషనుకు 'చాల బాగున్నది' అను మాట కావలసిన చోట 'బాగున్నది' అనుట వానిని ఆపివేయుటయే. అందరికి 'చాల బాగున్నది' అని వ్రాయుట అలవాటైనపుడు 'బాగున్నది' అను మంచిమాట శాపముగా మారును. వీడియో గేముల మార్కులకును ఇదే గతి పట్టినది. మెటాక్రిటిక్ వారే చలనచిత్రమునకు 61 వచ్చిన చాలును పచ్చరంగు వేయుదురు. గేములకు మాత్రము 75 రానిదే పచ్చరంగు లేదు. మార్కులను ఉదారముగా పంచుచు వచ్చిన విమర్శకులే ఈ స్థితికి కొంత కారకులు. కావున అభిమానుల కోపమునకు మూలమైన దోషమున విమర్శకులకును భాగము కలదు.

మూడవది 2011 నాటి 'స్కైవర్డ్ స్వోర్డ్' కథ. ఇందు కత్తిని ఏ దిక్కున ఊపవలెనో ఆ దిక్కుననే చేతిని ఊపవలెను. ఫామిట్సు నలువదికి నలువది ఇచ్చెను. సగటు 93. గేమ్‌స్పాట్ విమర్శకులొకరు మాత్రము 7.5 ఇచ్చి, చేతి ఊపులను యంత్రము సరిగా గ్రహించుట లేదనియు, చూచిన చోట్లకే మరల మరల పోవలసి వచ్చుచున్నదనియు వ్రాసిరి. అభిమానులు మరల మండిపడిరి. పదియేండ్లు గడచెను. 2021లో నింటెండో వారు ఈ ఆటనే సంస్కరించి వెలువరించునపుడు, చేతి ఊపులు అక్కరలేకయే మీటలతో ఆడుకొను వీలు కల్పించిరి. దారి చెప్పు సహాయకురాలు మాటిమాటికి అడ్డుపడుటను తగ్గించిరి. ట్వైలైట్ ప్రిన్సెస్ సైతము 2016లో క్రొత్త రూపము దాల్చినపుడు చేతి విసురులు లేకయే వెలువడెను. నాడు తిట్లుతిన్న విమర్శలోని సారమును నిర్మాతలు మాటలలో ఒప్పుకొనకపోయినను చేతలలో ఒప్పుకొనిరని మేము తలంతుము.

నాల్గవది మా మనుమని కోపమునకు కారణమైన 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' కథ. 2017 మార్చి 3వ తేదీన వెలువడిన ఈ ఆటను విమర్శకలోకము ఏకకంఠముగా కొనియాడినది. స్వతంత్రముగా వ్రాయు విమర్శకులొకరు మాత్రము పదికి ఏడు ఇచ్చిరి. దానితో మెటాక్రిటిక్ సగటు 98 నుండి 97కు దిగినది. ఆ విమర్శకుల వెబ్‌సైటుపై దుండగులు దాడి సల్పి కొంతసేపు అది తెరుచుకొనకుండ చేసిరి. ఒక్క మార్కు తగ్గినందుకు ఒకరి జీవనాధారమునకే తాళము వేయజూచుట ఎంతటి అవివేకము!

ఈ ఆటను మేము మనుమని ప్రక్కన కూర్చుండి కొన్ని దినములు చూచితిమి, చేతనైనంత ఆడితిమి. వీరుడు గుహలో నిద్రలేచి వెలుపలికి వచ్చి కొండకొమ్మున నిలువగా, ఎదుట హైరూల్ దేశమంతయు పరచుకొని కనబడు ఘట్టము మనోహరము. కనబడు కొండనెల్ల ఎక్కవచ్చును. ఎటుపోవలెనో ఎవరును శాసింపరు. మియామోటో గారి బాల్యపు కొండలు ఇన్నేండ్లకు సంపూర్ణముగా ఇందు ప్రత్యక్షమైనవి. కాని కష్టపడి సంపాదించిన కత్తి కొన్ని దెబ్బలకే విరిగిపోవును. వాన కురిసినచో కొండమీద కాలు జారును. ఏడు మార్కులిచ్చినవారు ముఖ్యముగా ఆక్షేపించినది ఈ ఆయుధములు విరుగుటనే. మాకును అది విసుగుగనే యుండెను. మనుమడు మాత్రము, కత్తి విరుగుటచేతనే చేతికందిన ప్రతిదానితో పోరాడ నేర్చుకొందుమని వాదించెను. ఆ వాదమును తోసివేయజాలము. నిజమునకు ఇట్టి చర్చయే జరుగవలసినది. అది జరుగక, ఏడు ఎక్కువా తక్కువా యను కలహము మాత్రమే జరిగెను. 2023లో వచ్చిన తరువాతి ఆట 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' నందు నిర్మాతలు ఆయుధములు విరుగుటను తొలగింపలేదు. దొరికిన వస్తువులను ఆయుధములకు అతికించి బలపరచుకొను శక్తిని వీరునకిచ్చిరి. ఆక్షేపణకు లొంగకయు, దానిని చెవినిబెట్టకయుండకయు ఇచ్చిన ఇట్టి సమాధానమే కళాకారులకు తగినది.

ఇంతకును ఈ ఆగ్రహమేల? గేము కొన్నవాడు దానికై డబ్బు వెచ్చించినాడు. తాను మంచి వస్తువునే కొంటినని పదిమంది చెప్పవలెనని వాని కోరిక. పైగా ఒక సంస్థ యంత్రమును కొన్నవారు ఒక పక్షమై, వేరొక సంస్థ యంత్రమును కొన్నవారిని ప్రతిపక్షముగా చూతురు. తిరుపతి వేంకట కవుల పక్షమని, కొప్పరపు కవుల పక్షమని మన పూర్వులు చీలి వాదులాడుకొన్న దినములను తలచుకొన్నచో ఇది మనకు వింతగా తోపదు. దానికి తోడు ఆట వెలువడక పూర్వమే విమర్శలు ప్రకటింపబడుట పరిపాటి. కావున కోపగించువారిలో పెక్కురు నాటికింకను ఆట ఆడనివారే. 2016లో 'అన్‌చార్టెడ్ 4' అను సాహసక్రీడపై వాషింగ్టన్ పోస్టులో వచ్చిన ప్రతికూల విమర్శను మెటాక్రిటిక్ లెక్కనుండి తీసివేయవలెనని అభిమానులు మహజరు పెట్టిరి. 2020లో 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండవ భాగము వెలువడినపుడు, ముగించుటకు ఇరువది గంటలకు పైబడి పట్టు ఆటకు తొలినాడే వేలకొలది సున్నాలు వేసిరి. పిదప ఆ సంస్థ, ఆట వెలువడిన 36 గంటల వరకు సామాన్యులు మార్కులు వేయరాదని నియమము చేసెను.

అట్లని అభిమానులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. అంకెకు నిజముగనే అర్థబలము, అనగా ధనబలము ఏర్పడియున్నది. 2010లో 'ఫాలౌట్: న్యూ వెగాస్' అను ఆటకు సగటు 85 వచ్చినచో నిర్మించినవారికి అదనపు పారితోషికము ముట్టవలసి యుండగా, 84 వచ్చి ఒక్క మార్కుతో చేజారినదని ఆ సంస్థ ముఖ్యులొకరు 2012లో వెల్లడించిరి. విమర్శకునకు గడువు స్వల్పము. ఏబది గంటల ఆటను కొలది దినములలో ముగించి తీర్పు వ్రాయవలెను. ఇక ప్రకటనల యొత్తిడి వేరు. 8.8 ఇచ్చి తిట్లుతిన్న గెర్స్ట్‌మన్ గారినే మరుసటి యేడు, 2007 నవంబరులో, గేమ్‌స్పాట్ వారు పనినుండి తొలగించిరి. 'కేన్ అండ్ లించ్' అను ఆటకు ఆయన 6 ఇచ్చుటయు, ఆ ఆట ప్రకటనలు అదే వెబ్‌సైటున నిండియుండుటయు జనులు గమనించిరి. తక్కువ మార్కుల వలన ప్రకటనదారుల నుండి ఒత్తిడి వచ్చెనని 2012లో ఆయనయే వివరించిరి. తొలగింపు వార్త వెలువడగానే ఆటలాడు జనులు పెద్దయెత్తున ఆయన పక్షమున నిలిచిరి. అంతకు ఏడాది ముందు ఆయన నిజాయితీ వారికి కంటకము. దానిని అమ్ముకొనుమని బలవంతపెట్టువారు బయలుదేరిన పిదపనే దాని విలువ తెలిసినది.

రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో విమర్శకుని భావకుడని పేర్కొని నాలుగు తెగలుగా విభజించెను. ఏదియు రుచింపనివాడు అరోచకి. అన్నముతో పాటు గడ్డిని గూడ మ్రింగువాడు సతృణాభ్యవహారి. గుణము తెలిసియు అసూయచే చెప్పనివాడు మత్సరి. సారమును గ్రహించి నిష్పక్షపాతముగా చెప్పువాడు తత్త్వాభినివేశి, ఇట్టివాడు వేయిమందిలో ఒక్కడుండిన నుండునట. వేయేండ్ల క్రిందటి ఈ విభాగము నేటి జెల్డా తగవునకు అచ్చముగా సరిపోవుచున్నది. తమకు నచ్చని మార్కులిచ్చిన ప్రతివానిని అభిమానులు మత్సరి యనియో అరోచకి యనియో త్రోసివేయుచున్నారు. ప్రతి జెల్డా ఆటకును పూర్తి మార్కులిచ్చువానిని తత్త్వాభినివేశి యనుకొనుచున్నారు. మా దృష్టిలో వాడు సతృణాభ్యవహారి. తక్కువ మార్కులిచ్చిన ప్రతివాడును తత్త్వజ్ఞుడనియు మేము చెప్పము. ఎవరే తెగయో తెలియుటకు అంకె పనికిరాదు. వారిచ్చిన కారణములను చదువవలెను.

ఇపుడు మన యింటి ముచ్చటకు వత్తము. కొన్ని యేండ్ల క్రిందట ఒక తెలుగు సంఘమువారి పౌరాణిక నాటకమును గూర్చి మేమొక నివేదిక వ్రాసితిమి. పద్యములు బాగుగా పాడిరనియు, రెండవ అంకము మిక్కిలి సాగినదనియు, పాత్రధారులు పద్యపాదములను మ్రింగివేయుటచే వెనుక వరుసలవారికి భావము తెలియలేదనియు అందుంటిమి. అచ్చులో మొదటి వాక్యము మాత్రమే నిలిచినది. మిగిలినవాటిని గూర్చి తెలిసిన పాత్రధారి యొకరు నెలదినములు మాతో మాటలాడలేదు. "పరాయి రాష్ట్రంలో తెలుగు నాటకం ఆడటమే గొప్ప. దానికి వంకలా?" అనిరి. ఆ మాటలోని బాధ మాకు తెలియును. తక్కువమందిమి, చెదరియున్నాము, చేసినదానిని కాపాడుకొనవలెనను తపన గలవారము. మేము మాత్రము వేరా? విశాఖపట్నము నుండి వచ్చిన బంధువొకరు మా తెలుగులో ఒడియా పలుకుబడి వినబడుచున్నదనగా, ఆయన మాట ముగియకమునుపే మేము లేచి కయ్యమునకు దిగితిమి. ఆయన చెప్పబోయినది ఆ పలుకుబడి తనకు ఇంపుగా నున్నదని తరువాత తెలిసినది. 'ఏడు అని ఉందిగా' యనిన మా మనుమనికిని మాకును నాడు భేదమేమి?

ప్రేమించినదానిని నొప్పింతురేమో యను భయమే అభిమానికి కోపముగా పరిణమించును. జెల్డా మాలికకు ఆ భయము అక్కరలేదు. టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ తొలి మూడు దినములలోనే కోటి ప్రతులు అమ్ముడుపోయినది. మన భాషకును మన నాటకమునకును ఆ భయము నిజముగా కలదు. కాని పొగడ్తవలన ఆ భయము తీరదు. వెనుక వరుసలో కూర్చుండి పద్యము వినబడక లేచిపోయిన పిల్లలు మరుసటి యేడు రారు. వారు ఎందులకు రాలేదో వ్రాయువాడు మనకు శత్రువు కాడు. నలువది యేండ్లు నిలిచిన ఈ జపాను ఆట మనకు చూపినది ఇదియే. అభిమానులు తిట్టిన విమర్శలనే నిర్మాతలు ఏరుకొని ఆటను బాగుచేసికొనిరి.

కావున వచ్చే సంచికయందు సంఘకార్యక్రమములపై విమర్శకు రెండు పుటలు కేటాయింపవలెనని కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాము. మార్కులు వలదు, కారణములు చాలును. వ్రాయువారు నాటకము పూర్తిగా చూచి వ్రాయవలెను. కోపగించువారు విమర్శను పూర్తిగా చదివి కోపగింపవలెను. ఆ శీర్షికను ఈ వ్యాసముపై విమర్శతోనే ప్రారంభించినచో మాకు సంతోషము. అన్నట్లు, మా మనుమడు సెలవులు ముగిసి వెళ్లుటకు ముందు ఆ ఏడు మార్కుల విమర్శను మా ప్రక్కన కూర్చుండి ఆమూలాగ్రముగా చదివెను. చదివి, "ఏడు తక్కువే తాతయ్యా, కాని కత్తుల సంగతి నిజమే" అనెను.